ధర తగ్గితే తేడా ఇచ్చే కార్డు ఏది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు): వచ్చే నెలలో మేము కొత్త ఇంట్లోకి వెళ్తున్నాము. టీవీ, ఫ్రిజ్, వాషరు, డ్రయ్యరు అన్నీ కలిపి 6,000 డాలర్ల దాకా అవుతాయి. కొన్న తరువాత ధర తగ్గితే ఆ తేడాను వెనక్కి ఇచ్చే క్రెడిట్ కార్డులు ఉంటాయనీ, చాలా ఏళ్ల కిందట తమకు ఒక టీవీ మీద అలాగే రెండు వందల డాలర్లు తిరిగి వచ్చాయనీ మా ఆడపడుచు చెప్పారు. మా వారేమో అలాంటివన్నీ ఎక్కడో ఒకచోట మెలిక పెడతారు, క్యాష్‌బ్యాక్ చూసుకుంటే చాలు అంటున్నారు. ధర తగ్గినప్పుడు ఆదుకునే మంచి కార్డు ఏదో చెబితే ఇప్పుడే తీసుకుంటాను.

జవాబు: అన్నిటికన్నా ముందు ఒక మాట చెప్పాలి. మీ ఇంటి రుణం ఇంకా క్లోజింగ్ కాకపోతే, అంటే చివరి సంతకాలు పూర్తయి ఇల్లు మీ పేర రాకపోతే, ఇప్పుడు ఏ కొత్త కార్డుకూ దరఖాస్తు పెట్టకండి. రుణం ఇచ్చేవారు క్లోజింగ్‌కు ముందు మీ క్రెడిట్ రిపోర్టును మరొకసారి చూస్తారు. ఆ సమయంలో కొత్త ఖాతా కానీ, కార్డు మీద ఫ్రిజ్, వాషరు కొన్న పెద్ద బాకీ కానీ కనబడితే వివరణలు అడుగుతారు, ఒక్కొక్కసారి వడ్డీ రేటు దగ్గరే పేచీ వస్తుంది. తాళాలు చేతికి వచ్చిన తరువాతే కార్డు సంగతి ఆలోచించండి.

ఇక మీ ఆడపడుచు చెప్పినది నిజమే, కాకపోతే ఆ రోజులు వెళ్లిపోయాయి. ప్రైస్ ప్రొటెక్షన్ అనే ఈ సౌకర్యం ఒకప్పుడు అమెరికాలో ఏడాది రుసుము లేని మామూలు కార్డులకు కూడా ఉండేది. కార్డుతో ఒక వస్తువు కొన్న 60 రోజులలోనో 90 రోజులలోనో అదే మోడల్‌ను ఎవరైనా తక్కువ ధరకు ప్రకటిస్తే, రసీదునూ ఆ ప్రకటననూ కార్డు స్టేట్‌మెంటునూ జతచేసి పంపినవారికి తేడా సొమ్ము ఇచ్చేవారు. చాలా కార్డుల విషయంలో ఆ భారం నేరుగా బ్యాంకు మీద పడేది కాదు, బ్యాంకు తరఫున ఒక బీమా సంస్థ మోసేది. సిటీ బ్యాంకు వారి ప్రైస్ రివైండ్ అయితే, మీరు కొన్నదాన్ని నమోదు చేస్తే చాలు, 60 రోజుల పాటు తక్కువ ధర ఎక్కడుందో తానే వెతికేది.

ఇవన్నీ రెండేళ్ల లోపే ఒకదాని వెంట ఒకటి పోయాయి. డిస్కవర్ 2018లో ఆపేసింది. చేజ్ అదే ఏడాది ఆగస్టు 26న తన కార్డులలో చాలావాటి నుంచి తీసేసింది. సిటీ మొదట 2018 జూలైలో వస్తువుకు 500 డాలర్ల పరిమితిని 200కు, ఏడాదికి 2,500 డాలర్ల పరిమితిని 1,000కి కుదించి, 2019 సెప్టెంబరు 22న ప్రైస్ రివైండ్‌ను పూర్తిగా మూసివేసింది. దీనికి అసలు కారణం ఏమిటని అడిగితే నా అభిప్రాయం ఇది: రసీదులు దాచి, కాగితాలు నింపి అడిగేవారు కొద్దిమందే ఉంటారన్న నమ్మకం మీదనే ఇటువంటి బీమా నిలబడుతుంది. ఎర్నీ వంటి యాప్‌లు వచ్చి, మన ఈమెయిలులోని రసీదులను తామే చదివి, ధరలు పోల్చి, మనం వేలు కదపకుండానే దరఖాస్తులు పంపడం మొదలుపెట్టాక ఆ నమ్మకం నిలవలేదు.

కనుక ప్రైస్ ప్రొటెక్షన్ కోసమే ఒక కార్డు తీసుకోమని నేను ఎవరికీ చెప్పను. కొన్ని చిన్న బ్యాంకుల కార్డులలోనూ క్రెడిట్ యూనియన్ల (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకుల వంటి సంస్థల) కార్డులలోనూ ఇప్పటికీ ఉంటే ఉండవచ్చు, దాన్ని తేల్చేది కార్డుతో పాటు వచ్చే గైడ్ టు బెనిఫిట్స్ అనే చిన్న పుస్తకం ఒక్కటే. ఏవో పాత జాబితాలు చూసి ఏడాది రుసుము కట్టి కార్డు తీసుకుంటే, ఆ సౌకర్యం ఎప్పుడో పోయిందని ధర తగ్గిన రోజున తెలుస్తుంది.

అయితే ధర తగ్గినప్పుడు సొమ్ము వెనక్కి వచ్చే దారి పూర్తిగా మూసుకుపోలేదు. అది ఇప్పుడు కార్డు దగ్గర కాకుండా దుకాణం దగ్గర ఉంది, దాన్ని ప్రైస్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. కాస్ట్‌కోలో కొన్న 30 రోజుల లోపల వాళ్లే ధర తగ్గిస్తే, అడిగినవారికి తేడా ఇస్తారు. టార్గెట్‌లో ఆ గడువు 14 రోజులు. కానీ 2025 జూలై 28 నుంచి టార్గెట్ వారు అమెజాన్, వాల్‌మార్ట్ ధరలతో పోల్చి తగ్గించడం మానుకున్నారు కాబట్టి, వారి సొంత ధర తగ్గితేనే ఇప్పుడు లాభం. బెస్ట్ బైలో వస్తువు వెనక్కి ఇచ్చే గడువు లోపల ధర తగ్గితే సరిచేస్తారు. మామూలు కొనుగోలుదారులకు ఎక్కువ వస్తువుల మీద ఆ గడువు 15 రోజులు, ఏడాదికి రుసుము కట్టే సభ్యులకు 60 రోజులు. అమెజాన్‌లో కొన్న తరువాత ధర తగ్గితే తేడా ఇవ్వరు. అక్కడ చేయగలిగినది ఒక్కటే, తగ్గిన ధరకు మరొకటి తెప్పించుకుని, గడువు దాటకుండా మొదటిదాన్ని పెట్టె విప్పకుండా తిరిగి పంపడం. ఫ్రిజ్ విషయంలో అది కుదిరే పని కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో చాలామంది పట్టించుకోని కిటుకు ఒకటుంది. గృహోపకరణాల ధరలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. మెమోరియల్ డే, జూలై 4, లేబర్ డే, థాంక్స్‌గివింగ్ వారాలలో తగ్గుతాయి. టీవీలు థాంక్స్‌గివింగ్‌కూ, సూపర్ బౌల్‌కు ముందు వారాలలోనూ తగ్గుతాయి. మీరు కొనే తేదీ నుంచి దుకాణం ఇచ్చే గడువు లోపల ఈ రోజుల్లో ఏదో ఒకటి వచ్చేలా చూసుకోండి. ఉదాహరణకు లేబర్ డే సెప్టెంబరు మొదటి సోమవారం కాబట్టి, ఆగస్టు రెండో వారం చివర్లో కాస్ట్‌కోలో కొంటే 30 రోజుల గడువు ఆ పండుగ అమ్మకాలను దాటి ఉంటుంది. అదే ఫ్రిజ్‌ను జూలై చివర్లో కొంటే ధర తగ్గిననాటికి గడువు ముగిసిపోయి ఉంటుంది. కొనేటప్పుడు, గడువును బిల్లు తేదీ నుంచి లెక్కిస్తారా, సరుకు ఇంటికి చేరిన తేదీ నుంచి లెక్కిస్తారా అని తప్పక అడిగి, వాళ్లు చెప్పిన మాటను బిల్లు వెనుక రాసుకోండి.

థాంక్స్‌గివింగ్ అమ్మకాల విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. ఆ వారంలో చవకగా కనబడే టీవీలలో కొన్ని ఆ అమ్మకాల కోసమే తయారైనవి. పేరు, సైజు ఒకటే అయినా మోడల్ నంబరు చివర ఒకటి రెండు అక్షరాలు తేడాగా ఉంటాయి, వెనుక ఉండే హెచ్‌డీఎంఐ పోర్టులు ఒకటి తగ్గవచ్చు. మోడల్ నంబరు మారితే ఏ దుకాణమూ తేడా ఇవ్వదు. ఆ అమ్మకాల ధరలకు ప్రైస్ మ్యాచ్, అంటే వేరే దుకాణం ధరకు తగ్గించి ఇవ్వడం, వర్తించదని చాలా దుకాణాలు ముందే రాసిపెట్టుకుంటాయి కూడా.

ఇక కార్డు ఎంపిక దగ్గరకు వస్తే, మీరు కొనేవి పదేళ్లు వాడుకునే వస్తువులు. వాటి మీద వంద డాలర్లు తగ్గడం కన్నా మూడో ఏట కంప్రెసరు పోకుండా ఉండడం, పోతే బాగుచేయించే భారం మీ మీద పడకుండా ఉండడం ముఖ్యం. అందుకని నేనైతే ఎక్స్‌టెండెడ్ వారంటీ చూస్తాను. సిటీ వారి కాస్ట్‌కో ఎనీవేర్ వీసా కార్డు, కొన్న తేదీ నుంచి మొత్తం ఏడేళ్లు మించకుండా, వస్తువుకు 10,000 డాలర్ల పరిమితితో వారంటీని మరో 24 నెలలు పొడిగిస్తుంది. టీవీలకూ పెద్ద గృహోపకరణాలకూ కాస్ట్‌కో తానుగా రెండో ఏడాది వారంటీ ఇస్తుంది కాబట్టి, అక్కడ ఆ కార్డుతో కొన్న ఫ్రిజ్‌కు నాలుగేళ్లు ధీమాగా ఉండవచ్చు. కాస్ట్‌కో సభ్యత్వం ఉన్నవారికి ఆ కార్డు మీద వేరే ఏడాది రుసుము లేదు, కాస్ట్‌కో కొనుగోళ్ల మీద 2 శాతం వెనక్కి వస్తుంది. అమెరికాలోని కాస్ట్‌కో దుకాణాలలో క్రెడిట్ కార్డులలో వీసా తప్ప మరొకటి చెల్లదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. చేజ్ సఫైర్ ప్రిఫర్డ్ వంటి కార్డులు మూడేళ్లు, అంతకు తక్కువ ఉన్న వారంటీలకు ఒక ఏడాది కలుపుతాయి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులలో కొన్ని ఐదేళ్లు, అంతకు తక్కువ ఉన్నవాటికి ఒక ఏడాది కలుపుతాయి.

మీ వారి మాటలోనూ నిజముంది. 6,000 డాలర్ల మీద 2 శాతం అంటే 120 డాలర్లు, దానికి ఏ కాగితమూ నింపనక్కరలేదు. కానీ ఈ లెక్కలన్నీ నెల తిరిగేసరికి బాకీ మొత్తం కట్టేసేవారికి మాత్రమే వర్తిస్తాయి. ఏడాదికి 22 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద 1,200 డాలర్లు బాకీ ఉంచితే, ఒక్క నెలకే 22 డాలర్లు వడ్డీ పడుతుంది. మీకు వచ్చిన 2 శాతం, అంటే 24 డాలర్లు, అయిదు వారాలు నిండకుండానే దానికింద పోతుంది. ఒకేసారి కట్టడం కష్టమనుకుంటే, దయచేసి టీవీని ఆరు నెలలు వాయిదా వేయండి.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు): 24 రోజుల కిందట 1,150 డాలర్లకు లాప్‌టాప్ కొన్నాను. ఇప్పుడు వేరే దుకాణంలో అదే 990కి ఉంది. కొన్న దుకాణం గడువు దాటిందన్నారు. నా కార్డు ఒక క్రెడిట్ యూనియన్ వారిది, దాని పుస్తకంలో ప్రైస్ ప్రొటెక్షన్ అని ఒక పేజీ ఉంది. 160 డాలర్ల కోసం ఇంత శ్రమ పడవచ్చా? పడితే ఎలా అడగాలి?

జవాబు: తప్పక అడగండి, అది మీ సొమ్ము. అయితే ఈ రాత్రే మొదలుపెట్టండి, ఎందుకంటే ఇక్కడ పోటీ ఆ 990 డాలర్ల ధర మాయమయ్యే రోజుతో.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2017లో నేను 900 డాలర్లకు కొన్న లాప్‌టాప్ అయిదు వారాల తరువాత 760కి కనబడింది. వెంటనే తెర మీది బొమ్మను ఫోటో తీసి, రసీదుతో జతచేసి పంపి, పని అయిపోయిందనుకున్నాను. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. నేను పంపిన బొమ్మలో తేదీ లేదట, మోడల్ నంబరు పూర్తిగా కనబడడం లేదట, మళ్లీ పంపమన్నారు. అప్పటికి ఆ దుకాణంలో ధర తిరిగి 880కి చేరింది. 140 డాలర్ల తేడాను రుజువు చేసే కాగితం నా దగ్గర లేకపోయింది, అసలు రసీదు చూద్దామంటే కారులో ఎండకు ఉన్న థర్మల్ కాగితం తెల్లగా వెలిసిపోయి, దుకాణం పేరు తప్ప అంకె ఒక్కటీ మిగలలేదు. బాధ డబ్బు పోయినందుకు కన్నా, అడగడం తెలియక పోగొట్టుకున్నందుకు కలిగింది.

కనుక మీరు తీసే బొమ్మలో దుకాణం పేరు, మోడల్ నంబరు మొత్తం, ధర, స్టాకు ఉందన్న మాట, మీ కంప్యూటరు మూలన ఉండే తేదీ, ఈ అయిదూ ఒకే చిత్రంలో పడాలి. వీలైతే ఆ పేజీని పీడీఎఫ్‌గా ముద్రించుకోండి, చాలా బ్రౌజర్లు అంచున తేదీని తామే వేస్తాయి. కొన్న రసీదును ఈమెయిలులో వచ్చిన రూపంలోనే పంపండి. కాగితపు రసీదు అయితే ఇప్పుడే స్కాన్ చేసుకోండి. కార్డు స్టేట్‌మెంటులో ఆ కొనుగోలు ఉన్న పేజీ కావాలి. బహుమతి కార్డుతో కొంత, క్రెడిట్ కార్డుతో కొంత కట్టి ఉంటే ఆ సంగతి దాచకండి, పుస్తకంలో దానికి వేరే నియమం ఉండవచ్చు.

పుస్తకంలో మీరు చూడవలసినవి నాలుగు తేదీలు, అంకెలు: ఎన్ని రోజుల లోపల ధర తగ్గాలి, తగ్గింపు చూసిన తరువాత ఎన్ని రోజులలో తెలియజేయాలి, తెలియజేసిన తరువాత ఎన్ని రోజులలో కాగితాలు చేరాలి, వస్తువుకు పరిమితి ఎంత. వీటిలో రెండోదీ మూడోదీ వేరువేరన్న సంగతి గమనించక చాలామంది దెబ్బతింటారు. మినహాయింపుల పేజీ కూడా చదవండి. వేలంలో కొన్నవి, వాడినవి, మరమ్మతు చేసి అమ్మేవి, దుకాణం మూసివేత అమ్మకాలు, కూపను వేస్తేనే వచ్చే ధరలు, టికెట్లు, నగలు సాధారణంగా ఇందులోకి రావు. మన ఇళ్లలో బంగారం మీద ఈ ప్రశ్న తరచుగా వస్తుంది కాబట్టి చెబుతున్నాను: గాజులు కొన్న మర్నాడు బంగారం ధర తగ్గితే ఏ కార్డూ ఆదుకోదు. మీరు చూసిన 990 డాలర్ల లాప్‌టాప్ కొత్తదేనా, ఆ కంపెనీ అనుమతి పొందిన అమ్మకందారు దగ్గరిదేనా అన్నది పంపే ముందు సరిచూసుకోండి.

ఫోను చేయవలసినది క్రెడిట్ యూనియన్‌కు కాదు, పుస్తకంలో ఉన్న బెనిఫిట్ అడ్మినిస్ట్రేటరు (ఈ క్లెయిములు చూసే సంస్థ) నంబరుకు. వాళ్లు ఇచ్చే క్లెయిము నంబరును రాసుకోండి.

ప్రశ్న (షికాగో నుంచి ఒక పాఠకురాలు): సంక్రాంతికి హైదరాబాదు వెళ్లడానికి టికెట్లు కొన్న వారానికే ధర తగ్గిపోవడం మాకు అలవాటయిపోయింది. టికెట్లకు ఇటువంటి రక్షణ ఇచ్చే కార్డు ఉందా?

జవాబు: పరిమితంగా ఉంది. క్యాపిటల్ వన్ కార్డు ఉన్నవారు ఆ బ్యాంకు టికెట్ల సైటు క్యాపిటల్ వన్ ట్రావెల్ ద్వారా, ఇప్పుడే కొనండి అని అది సూచించిన టికెట్‌ను కొంటే, 10 రోజుల పాటు ధరను గమనించి, తగ్గితే 50 డాలర్ల దాకా జమ చేస్తుంది. నలుగురి కుటుంబానికి అయిదారు వేల డాలర్ల టికెట్లు కొనేటప్పుడు ఆ 50 కోసం కార్డు మార్చుకోవడం నాకు సబబుగా తోచదు.

దానికన్నా గట్టి రక్షణ అమెరికా రవాణా శాఖ నియమంలోనే ఉంది. ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు, ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా టికెట్ కొంటే, 24 గంటల లోపల ఉచితంగా రద్దు చేసుకునే వీలు ఇవ్వాలి, లేదా డబ్బు కట్టకుండా అంత సేపు ఆ ధరను నిలిపి ఉంచాలి. అమెరికాకు నడిచే విదేశీ ఎయిర్‌లైన్లకు కూడా ఇది వర్తిస్తుంది. ట్రావెల్ ఏజెంటు దగ్గర కొన్నప్పుడు ఈ నియమం వారిని కట్టడి చేయదు, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కొన్న రోజు రాత్రీ మర్నాడు పొద్దునా ధర మరొకసారి చూడడం అలవాటు చేసుకోండి. ఇక అమెరికా ఎయిర్‌లైన్లు 2020లో చాలా టికెట్ల మీద మార్పు రుసుము ఎత్తేశాయి. బేసిక్ ఎకానమీ (ఆంక్షలు ఎక్కువగా ఉండే అతి చవక రకం) కాని టికెట్ అయితే, ధర తగ్గినప్పుడు అదే విమానంలో తిరిగి బుక్ చేసుకుని, తేడాను మరో ప్రయాణానికి క్రెడిట్‌గా ఉంచుకోవచ్చునేమో ఆ ఎయిర్‌లైన్‌ను అడగండి.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): డెన్వర్‌లో ఉన్న మా అబ్బాయి తన కార్డు మీద నా పేర అదనపు కార్డు తీసి పంపాడు. దానితో ఇక్కడ ఫ్రిజ్ కొంటే, మీరు చెప్పే వారంటీ పొడిగింపులూ రక్షణలూ నాకు వర్తిస్తాయా?

జవాబు: ఫ్రిజ్ మాత్రం ఆ కార్డుతో కొనకండి. చేజ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వంటి కార్డుల వారంటీ పొడిగింపు అమెరికాలో చెల్లే తయారీదారు వారంటీ ఉన్న వస్తువులకే. బెజవాడ దుకాణంలో కొన్న ఫ్రిజ్‌కు ఉండేది భారతదేశంలో చెల్లే వారంటీ. దుకాణం వెనక్కి తీసుకోకపోతే సొమ్ము ఇచ్చే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ రిటర్న్ ప్రొటెక్షన్, వస్తువుకు 300 డాలర్ల దాకా, కూడా అమెరికాలో కొన్నవాటికే. పైగా ఏడాది రుసుము లేని అమెరికా కార్డులలో చాలావాటికి విదేశీ కొనుగోలు మీద 3 శాతం దాకా రుసుము పడుతుంది. 40,000 రూపాయల ఫ్రిజ్ మీద అది 1,200 రూపాయలు, అది మీ అబ్బాయి స్టేట్‌మెంటులో కనబడుతుంది.

మీ ఇక్కడి బ్యాంకు కార్డే మేలు. పండుగ అమ్మకాలలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ఏదో ఒక బ్యాంకు కార్డుల మీద కొనే క్షణంలోనే తగ్గింపు ఇస్తాయి, దానికి కనీస కొనుగోలు ఎంత, గరిష్ఠంగా ఎంత తగ్గిస్తారు అన్న రెండు అంకెలు చూసుకోండి. నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటే, తగ్గించి చూపిన వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ మీ నెలవారీ బిల్లులో పడుతుంది, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము వేస్తుందేమో కూడా అడగండి. చేతిలో డబ్బు ఉంటే ఒకేసారి కట్టి, బిల్లు మీద మోడల్ నంబరు సరిగా రాశారో లేదో దుకాణంలో ఉండగానే సరిచూసుకోండి.